కట్టిన రూపాయి ఎవరి పద్దులో పడుతుంది? ప్రభుత్వ సేవల ఫీజులపై కర్నూలులో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఖజానా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా చలానాలు, పద్దుల మధ్యే గడిచింది. కర్నూలులో మా వీధి వాళ్లకు ఆ సంగతి తెలుసు కాబట్టి రిజిస్ట్రేషన్‌కు పోయే ముందో, కరెంటు బిల్లు చేతికొచ్చాకో వచ్చి అడుగుతుంటారు. ఎక్కువమంది అడిగిన ప్రశ్నలు, నేను చెప్పిన జవాబులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. 2022లో నంద్యాల వేరే జిల్లా అయినా ఈ నియమాలు రాష్ట్రమంతటికీ ఒకటే. అనంతపురం, కడప వాళ్లకూ ఇవే వర్తిస్తాయి.

పన్నుకూ ఫీజుకూ తేడా ఏముంది సార్? రెండూ మన జేబులోంచే కదా పోయేది?

జేబు మనదే, కానీ అడిగే హక్కులో తేడా ఉంది. పన్ను కట్టాం కాబట్టి ఫలానా పని చేసిపెట్టండని ఎవరూ అడగలేరు. ఆ డబ్బంతా ఒకచోట కలిసిపోయి జీతాలకు, రోడ్లకు, పింఛన్లకు పోతుంది. ఫీజు అలా కాదు. మీకు ఒక పని చేసిపెట్టడానికి అయ్యే ఖర్చు కోసం తీసుకునేది ఫీజు. కాబట్టి "నా పని ఏమైంది?" అని నిలబడి అడగొచ్చు.

సుప్రీంకోర్టు ఈ తేడాను 1954లో శిరూరు మఠం కేసులో తేల్చి చెప్పింది. శిరూరు మఠం ఉడుపి అష్ట మఠాల్లో ఒకటి. మన మంత్రాలయం మఠం లాగే మధ్వ సంప్రదాయానిది. ఆ ప్రాంతం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1951 నాటి దేవాదాయ చట్టం కింద మఠాల ఆదాయంలో ఐదు శాతం దాకా ప్రభుత్వం వసూలు చేయవచ్చు. ఆ డబ్బు నేరుగా ప్రభుత్వ సంచిత నిధిలో, అంటే ప్రభుత్వ రాబడి అంతా చేరే ఖాతాలో, కలిసేది. మఠాలకు చేసే పనికీ వసూలు చేసే మొత్తానికీ లెక్క కుదిర్చి చూపింది లేదు. అందుకే కోర్టు, పేరు ఏదైనా ఇది పన్నేనని, అలాంటి పన్ను వేసే అధికారం రాష్ట్రానికి లేదని చెప్పి ఆ వసూలును కొట్టేసింది.

కొత్తగా ఏ ఛార్జీ వచ్చినా నేను ఇప్పటికీ ఈ కేసునే గుర్తు చేసుకుంటాను. ఏ పని కోసం తీసుకుంటున్నారు, ఆ డబ్బు ఎక్కడికి పోతోంది అన్న రెండు ప్రశ్నలు వేస్తే చాలావరకు విషయం తేలిపోతుంది.

ఫీజు వేసే అధికారం రాష్ట్రానికి ఎవరిచ్చారు?

రాజ్యాంగమే ఇచ్చింది. ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 66వ అంశం, ఆ జాబితాలో ఉన్న విషయాలకు ఫీజు తీసుకునే అధికారం రాష్ట్రానికి ఇస్తుంది. కోర్టు ఫీజులను మాత్రం అందులోంచి విడిగా ఉంచారు. చట్టం అధికారం లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు అని 265వ అధికరణ చెబుతుంది. ఫీజుకూ అంతే, వెనక చట్టమో, చట్టం కింద చేసిన నియమమో ఉండి తీరాలి. ఆఫీసులో ఎవరో నోటిమాటగా "ఇంత కట్టాలి" అంటే అది ఫీజు కాదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. చట్టం సాధారణంగా ఫీజు వేసే అధికారాన్ని ఇచ్చి ఊరుకుంటుంది. ఎంత అన్నది తర్వాత జీఓలో వస్తుంది. కొత్త పన్ను వేస్తే శాసనసభలో చర్చ జరుగుతుంది, పేపర్లలో పెద్ద అక్షరాల్లో వస్తుంది. ఫీజు పెరిగితే చాలామందికి కౌంటర్ దగ్గరికి పోయాకే తెలుస్తుంది. రేట్ల పట్టిక ప్రతి ఆఫీసు గుమ్మంలో, తెలుగులో, అందరికీ కనబడేలా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. కూలి మానుకుని వచ్చిన మనిషి డబ్బు చాలక తిరిగిపోవడం చాలాసార్లు చూశాను.

ఈ ఫీజులతోనే ప్రభుత్వం నడుస్తుందా?

నడవదు. రాష్ట్ర రాబడి నాలుగు దారుల్లో వస్తుంది. రాష్ట్రం సొంతంగా వేసే పన్నులు, కేంద్ర పన్నుల్లో మన వాటా, కేంద్రం ఇచ్చే గ్రాంట్లు, చివరగా పన్నేతర ఆదాయం. మనం మాట్లాడుకునే ఫీజులు, యూజర్ ఛార్జీలు ఎక్కువగా ఈ చివరి దాంట్లోకే వస్తాయి. గనుల ఆదాయం, అటవీ ఆదాయం, ప్రభుత్వం ఇచ్చిన అప్పులపై వడ్డీ కూడా అందులోవే. రాష్ట్రం మోసే బరువులో పెద్ద భాగం పన్నుల మీదే ఉంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక చాలా సరుకులపై సొంతంగా రేటు పెట్టే స్వేచ్ఛ రాష్ట్రాలకు పోయింది. పెట్రోలు, డీజిలు, మద్యం, స్టాంపులు, వాహన పన్ను లాంటివే చేతిలో మిగిలాయి. అందుకే డబ్బు అవసరం పడినప్పుడల్లా ప్రభుత్వాల చూపు ఛార్జీల మీదికి పోతుంది.

బడ్జెట్‌లో ఇది చిన్న పద్దే. కట్టేవాడికి చిన్నది కాదు.

స్థలం రిజిస్ట్రేషన్‌కు అంత డబ్బు ఎందుకు? అది ఫీజా, పన్నా?

రెండూ కలిసి ఉంటాయి. మీరు కర్నూలులో 20 లక్షల విలువైన స్థలం కొన్నారనుకోండి. మామూలు అమ్మకం దస్తావేజుకు స్టాంప్ డ్యూటీ నూటికి 5 చొప్పున లక్ష రూపాయలు. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ నూటికి ఒకటిన్నర చొప్పున 30 వేలు. రిజిస్ట్రేషన్ ఫీజు నూటికి ఒకటి చొప్పున 20 వేలు. అంతా కలిపి లక్షా 50 వేలు. మీద కొద్దిగా యూజర్ ఛార్జీలు.

ఇందులో స్టాంప్ డ్యూటీ పన్ను, రాష్ట్ర ఖజానాకు పోతుంది. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ స్థానిక సంస్థలకు చెందాలి. స్థలం కార్పొరేషన్ పరిధిలో ఉంటే కార్పొరేషన్‌కు, పల్లెలో ఉంటే పంచాయతీరాజ్ సంస్థలకు. ఆ డబ్బు ఖజానా నుంచి వాళ్లకు సమయానికి చేరకపోతే మీ వీధి కాలువ పని ఆగుతుంది. సర్పంచులు ఈ వాటా కోసం ఎందుకు పట్టుబడతారో ఇప్పుడు అర్థమవుతుంది. ఇక రిజిస్ట్రేషన్ ఫీజు దస్తావేజును పరిశీలించి, నమోదు చేసి, భద్రపరిచే పనికి. పని ఒకటే అయినా ఖరీదును బట్టి ఫీజు పెరుగుతుంది కాబట్టి ఇది ఫీజా అని అడిగేవాళ్లున్నారు. ఆ సందేహంలో న్యాయం ఉందనే నా అభిప్రాయం.

ఇంకో మాట. లెక్క మీరు ఇచ్చిన ధర మీద కాదు. ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ, దస్తావేజులో రాసిన ధర, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద. మార్కెట్ విలువ ముందే చూసుకుని పోతే టెన్షన్ ఉండదు. డాక్యుమెంట్ రైటర్ తీసుకునేది ఆయన కూలి. అది ప్రభుత్వ ఫీజు కాదు, చలానాలో ఉండదు. రెండింటినీ కలిపి ఒకే మొత్తంగా చెబితే విడదీసి చెప్పమని అడగండి.

నీటి తీరువా ఇంకా ఉందా? నీళ్లకు కూడా డబ్బేనా?

ఉంది. కాలువ కింద నీళ్లు పారిన పొలానికి 1988 నాటి నీటి పన్ను చట్టం కింద వసూలు చేస్తారు. 1990ల చివర్లో రేట్లు సవరించినప్పుడు పెద్ద ప్రాజెక్టుల కింద మొదటి పంట వరికి ఎకరాకు 200 రూపాయలు పెట్టారు. 1997లోనే నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చింది. తీరువాలో కొంత తిరిగి ఆ సంఘాలకే చేరి, పూడికతీతకు, తూముల మరమ్మతుకు వాడాలన్నది దాని ఉద్దేశం.

ఈ ప్రశ్నకు మన జిల్లాలో పెద్ద చరిత్రే ఉంది. మన కేసీ కెనాల్‌ను (కర్నూలు-కడప కాలువను) తవ్వింది ప్రభుత్వం కాదు, ఒక ప్రైవేటు కంపెనీ. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ లండన్‌లో వాటాలు అమ్మి డబ్బు పోగుచేసింది. పెట్టుబడి మీద ఐదు శాతం వడ్డీ వస్తుందని ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1863 నుంచి 1870 వరకు పని చేసి, సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా కాలువ తీశారు. పడవలు నడుస్తాయి, రైతులు నీళ్లు కొంటారు, ఆ ఆదాయంతో వాటాదారులకు లాభం వస్తుంది అన్నది లెక్క.

ఆ లెక్క తప్పింది. ఇక్కడ చాలా నేల నల్లరేగడి. వాన పదునుకే జొన్న, పత్తి పండే నేల. అలాంటి నేలకు డబ్బు కట్టి నీళ్లు పెట్టుకోవడానికి రైతులు ముందుకు రాలేదు. నీటి అమ్మకం ఖర్చులకే చాలలేదు, హామీ ఇచ్చిన వడ్డీ భారం ప్రభుత్వం మీద పడింది. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. ఈ మధ్యలోనే 1876-78లో ధాత కరువు వచ్చి సీమ జనం లక్షల్లో చనిపోయారు. నీటిని అమ్మకపు సరుకుగా మాత్రమే చూస్తే ఏమవుతుందో మన తాతల తాతలు చూశారు. తీరువా ఉండాలనే నేనంటాను, ఎందుకంటే కాలువకు మరమ్మతు కావాలి. కానీ దాన్ని లాభం వచ్చే దారిగా ఎవరైనా మాట్లాడితే కేసీ కెనాల్ కథ వినిపిస్తాను.

సచివాలయంలో సర్టిఫికెట్‌కు డబ్బు తీసుకున్నారు. ఉచితం అన్నారు కదా?

రశీదులో రెండు వరుసలు ఉండొచ్చు. ఒకటి చట్టం ప్రకారం ఉన్న ఫీజు. రెండోది దరఖాస్తు తీసుకుని, కంప్యూటర్‌లో ఎక్కించి, ప్రింటు తీసి ఇచ్చినందుకు సేవా రుసుము. చాలా సర్టిఫికెట్లకు మొదటిది ఉండదు, రెండోదే ఉంటుంది. 2011లో మీసేవ మొదలైనప్పటి నుంచీ ఇదే పద్ధతి. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక కౌంటర్ ఊళ్లోకే వచ్చింది. 2025 జనవరిలో మొదలైన మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009 ద్వారా కూడా కొన్ని సేవలు పొందొచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ముందు అక్కడ చూసుకోండి, ఆటో ఖర్చైనా మిగులుతుంది.

జనన, మరణ నమోదు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. 21 రోజుల లోపల నమోదు చేయిస్తే ఫీజు లేదు, మొదటి సర్టిఫికెట్ ప్రతి కూడా ఉచితమే. 21 దాటితే ఆలస్య రుసుము పడుతుంది. 30 రోజులు దాటితే అధికారి రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోవాలి. బిడ్డ పుట్టిన ఇంట్లో ఎవరో ఒకరు ఈ తేదీని గుర్తు పెట్టుకుంటే తర్వాత బడిలో చేర్చేటప్పుడు తిరగాల్సిన తిరుగుడు తప్పుతుంది.

కరెంటు ఛార్జీలు పెంచితే ఆ డబ్బు ప్రభుత్వానికి పోతుందా?

ఎక్కువభాగం పోదు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలకు కరెంటు ఇచ్చేది తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. అది ప్రభుత్వ సంస్థే అయినా దాని లెక్కలు వేరు. యూనిట్ల ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ ఆ సంస్థకు చెందుతాయి. బిల్లులో ఎలక్ట్రిసిటీ డ్యూటీ అని విడిగా కనబడేది ప్రభుత్వానికి పోయే పన్ను. ఇళ్లకు అది యూనిట్‌కు 6 పైసలు.

రేటును ప్రభుత్వం నేరుగా పెట్టదు. విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. ఆ మండలి ఆఫీసు ఇప్పుడు మన కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. ఈ సంగతి మన ఊరి వాళ్లకే చాలామందికి తెలియదు. ఏటా టారిఫ్ ప్రతిపాదనలు వచ్చినప్పుడు మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది. ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, మాట్లాడొచ్చు. లాయర్ అక్కర్లేదు. ట్రూఅప్ ఛార్జీలు అని బిల్లులో వస్తున్నది, గడిచిన కాలంలో కరెంటు కొనడానికి అనుకున్నదానికంటే ఎక్కువైన ఖర్చు. దానికీ మండలి అనుమతి కావాలి, దాని మీదా అభ్యంతరం చెప్పొచ్చు. బిల్లు వచ్చాక వీధిలో తిట్టుకోవడం కంటే విచారణ రోజున పదిమంది పోయి కూర్చుంటే ఆ మాట రికార్డులోకి ఎక్కుతుంది.

రైతులకు ఉచిత కరెంటు అంటారు. మరి ఆ డబ్బు ఎవరు కడతారు?

ప్రభుత్వం కట్టాలి. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది. ఎవరికైనా రాయితీ ఇవ్వాలనుకుంటే ఆ మొత్తాన్ని ప్రభుత్వం ముందుగానే పంపిణీ సంస్థకు చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతుంది. బోరు మీదే బతికే అనంతపురం రైతుకు ఇది లేకపోతే సాగే లేదు. నేను ఈ రాయితీని మనసారా సమర్థిస్తాను.

ఇంటి పన్నులో ఏమైనా తగ్గింపు ఉందా?

ఏడాది మొత్తాన్ని ఏప్రిల్ నెలలోనే ఒకేసారి కడితే నూటికి 5 రాయితీ. ఆలస్యమైతే నెలకు నూటికి 2 వడ్డీ. 2021 నుంచి ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. అది కార్పొరేషన్ సొంత ఆదాయం.

చెత్త పన్ను ఎందుకు పెట్టారు, ఎందుకు తీసేశారు?

పేరు పన్నే అయినా నిజానికి అది యూజర్ ఛార్జీ. 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలుపెట్టి, ఇంటింటి నుంచి చెత్త తీసుకుపోయే పనికి నగరాల్లో ఇంటికి నెలకు 120 రూపాయల దాకా వసూలు చేశారు. 2024 చివర్లో తీసేశారు.

ఇంటి పన్ను కడుతున్నాం, ఊరు శుభ్రంగా ఉంచడం దాంట్లోది కాదా అన్నది జనం అడిగిన ప్రశ్న. సబబైన ప్రశ్నే. బండి రోజూ రాని వీధిలో కూడా అదే మొత్తం అడిగితే కోపం రాకుండా ఎలా ఉంటుంది? అలాగని చెత్త ఎత్తే కార్మికుల జీతం ఎక్కడినుంచో రావాలి. ఛార్జీ తీసేసిన తర్వాత ఆ ఖర్చు మున్సిపల్ నిధుల మీద పడుతుంది. ఎండలో, వానలో మన చెత్త మోసేవాళ్లకు జీతం నెలనెలా అందుతోందా అని అడగడం కూడా మన బాధ్యతే.

మార్కెట్ యార్డులో సెస్సు రైతు కట్టాలా?

కట్టక్కర్లేదు. మీరు సెస్సు అనేది మార్కెట్ ఫీజు. 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం అది కొనేవాడిది. కొన్నది ఎవరో తేలని సందర్భంలోనే అమ్మినవాడి మీద పడుతుంది. ఆదోనికి పత్తి తెచ్చినా, కర్నూలు యార్డుకు ఉల్లి తెచ్చినా తక్‌పట్టీలో (అమ్మకం లెక్క చీటీలో) ప్రతి కోతనూ చదివించుకోండి. కమీషన్, హమాలీ, తూకం వేరే లెక్కలు. మార్కెట్ ఫీజు పేరుతో మీ సొమ్ములో కోత పడితే మార్కెట్ కమిటీ కార్యదర్శిని అడగండి.

ఈ ఫీజు మీదే మన రాష్ట్రం నుంచి ఒక పెద్ద కేసు సుప్రీంకోర్టుకు పోయింది. నూటికి 50 పైసలున్న ఫీజును రూపాయి చేశారని వ్యాపారులు వెళ్లారు. 1983లో శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో కోర్టు, కట్టిన ప్రతి పైసాకు సరిగ్గా అంతే సేవ అదే మనిషికి తూచినట్టు అందాల్సిన పనిలేదని, మొత్తం మీద ఫీజుకూ సేవకూ సంబంధం ఉంటే చాలని చెప్పింది. శిరూరు మఠం తీర్పు కంటే ఇది ప్రభుత్వాలకు కాస్త వెసులుబాటు ఇచ్చింది. సంబంధమే లేకపోయినా ఫర్వాలేదని మాత్రం అనలేదు. యార్డులో రైతు పడుకోవడానికి నీడ, తాగడానికి నీళ్లు, సరుకు తడవకుండా షెడ్డు, ఇవే ఆ సంబంధం. వానలో తడిసిన ఉల్లి బస్తాల పక్కన రైతు కూర్చున్న ప్రతిసారీ ఆ ఫీజు ఏమైందని అడగొచ్చు.

నాపరాయి, కడప బండల మీద సీనరేజీ పన్నా, ఫీజా?

గనిలోని రాయి ప్రజలది. దాన్ని తవ్వుకున్నందుకు ఇచ్చే ప్రతిఫలం సీనరేజీ. బేతంచెర్ల నాపరాయికైనా, తాడిపత్రి బండకైనా అంతే. పెద్ద ఖనిజాలకు దీన్నే రాయల్టీ అంటారు. రాయల్టీ పన్ను కాదని 2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది.

డ్రైవింగ్ లైసెన్స్ ఫీజు?

ఫీజు రేట్లు కేంద్ర మోటారు వాహన నియమాల్లో ఉంటాయి, వసూలు రాష్ట్ర రవాణా శాఖ చేస్తుంది. బండి లైఫ్ ట్యాక్స్ మాత్రం రాష్ట్రం వేసే పన్ను.

కోర్టు ఫీజు కట్టి కేసు వేశాం. రాజీ పడితే డబ్బు తిరిగి వస్తుందా?

లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. ఆస్తి తగాదాల్లో ఇది చిన్న మొత్తం కాదు. అడిగితేనే చెబుతారు, కాబట్టి అడగండి.

చెప్పినదానికంటే ఎక్కువ అడిగారు, రశీదు ఇవ్వలేదు. ఏం చేయాలి?

మా ఇంట్లోనే జరిగింది. మా అమ్మ పేర ఒక పాత నకలు కావాల్సి వచ్చి ఒక ఆఫీసుకు పోయాను. కౌంటర్‌లో అడిగిన మొత్తానికీ, నాకు తెలిసిన రేటుకూ పొంతన లేదు. రశీదు అడిగితే "రేపు రండి" అన్నారు. మూడు రోజులు తిరిగాను. నాలుగో రోజు సమాచార హక్కు కింద దరఖాస్తు రాసి, ఈ నకలుకు నిర్ణయించిన ఫీజు ఎంత, ఏ జీఓ ప్రకారం, ఏ పద్దులో జమ అవుతుంది అని మూడు ప్రశ్నలు అడిగాను. ఆ దరఖాస్తు ఇచ్చిన మర్నాడే నకలు, అసలు రేటుతో రశీదు వచ్చాయి. చలానాల మధ్య బతికిన నాకే మూడు రోజులు పట్టిందంటే, చదువు రాని మనిషి పరిస్థితి తలచుకుని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన రాష్ట్రంలో సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా ఫీజు లేదు. ఈ మూడు ప్రశ్నలనే మీరూ రాయొచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే దానికి నంబరు ఇస్తారు. ఆ నంబరుతో తర్వాత ఏమైందో అడగొచ్చు. లంచం అని స్పష్టంగా తెలిస్తే అవినీతి నిరోధక శాఖ ఉంది. వీలైనంతవరకు నగదు ఇవ్వకండి, ఆన్‌లైన్ చలానా కట్టండి. చలానాలో పద్దు పేరు ఉంటుంది, డబ్బు ఎవరికి పోయిందో అదే చెబుతుంది.

పాత రశీదులు ఎన్నాళ్లు దాచాలి?

రిజిస్ట్రేషన్ చలానా, దస్తావేజు కాగితాలు ఎప్పటికీ. ఇంటి పన్ను రశీదులు పేరు మార్పిడికి, బ్యాంకు లోనుకు అడుగుతారు కాబట్టి అవీ పారేయొద్దు. నీటి తీరువా రశీదులు కనీసం పాస్‌బుక్‌తో పాటే ఉంచండి. ప్రింటు అక్షరాలు కొన్నేళ్లకు చెరిగిపోతాయి, కాబట్టి రశీదు తెచ్చిన రోజే జిరాక్సు తీయించి, వెనక తేదీ, పని పేరు పెన్నుతో రాసి పెట్టండి.